అరికాలి మచ్చ, గజ్జల్లో బిళ్ళ

మా పెద్దమ్మది జగిత్యాల దగ్గర పల్లె. నాట్ల రోజుల్లో చూడబోతే, ఆమె మడమ క్రింద బొట్టుబిళ్ళంత నల్లమచ్చ కనబడింది.

"ముల్లిరిగిందేమో కొడుకా, జిల్లేడు పాలు పెడ్తున్న."

"ఎన్నాళ్ళ నుంచి?"

"పోయిన బతుకమ్మ నుంచి. గజ్జల్ల బిళ్ళ గూడ కట్టింది. నొప్పేం లేదు తీ."

కాలికి దెబ్బ తగిలి చీము పడితే గజ్జల్లో బిళ్ళ కడుతుందని మనకందరికీ తెలుసు. ఎందుకు కడుతుంది? ఆ బిళ్ళలు శరీరానికి పోలీసు ఠాణాల వంటివి. చర్మంలో కాపలా కణాలుంటాయి. 1868లో పాల్ లాంగర్‌హాన్స్ అనే జర్మన్ వైద్యవిద్యార్థి వీటిని మొదటిసారి చూసి, నరాల కణాలనుకున్నాడు! శత్రువు చొరబడితే ఇవి దాని ఆనవాలు పట్టుకుని, లింఫు నాళాల వెంట ఠాణాకు చేరుస్తాయి. అక్కడి 'టి' కణాలు ఆ ఆనవాలును గుర్తించి, వేలకు వేలుగా పెరిగి పోరుకు బయలుదేరుతాయి. ఆ సందడికే బిళ్ళ వాచేది, నొప్పి పెట్టేది.

మన పెద్దలు రాచపుండు అన్న కాన్సరుతో చిక్కేమంటే, అది పరాయి శత్రువు కాదు, ఇంటి మనిషే. చర్మానికి రంగునిచ్చే కణాలు అదుపు తప్పితే మెలనోమా అవుతుంది. టి కణాలు దానిమీదికీ వెళతాయి. కాని సొంత ఒంటినే కొట్టకుండా ప్రకృతి వాటికి కళ్ళెం వేసింది. కాన్సరు కణం ఆ కళ్ళెమే పట్టి లాగుతుంది. పోరు ఆగుతుంది. ఆపైన అది అదే లింఫు దారిన పోయి బిళ్ళలో కాపురం పెడుతుంది. ఠాణాలోనే దొంగ దూరినట్లు! అందుకే నొప్పి లేకుండా గట్టిగా ఉండే బిళ్ళను ఊరికే వదలరాదు.

ఆ కళ్ళేలను సడలించే మార్గం కనిపెట్టినందుకే అమెరికా శాస్త్రజ్ఞుడు ఆలిసన్‌కు, జపాను శాస్త్రజ్ఞుడు హోంజోకు 2018లో నోబెల్ బహుమతి వచ్చింది. అలాంటి మొదటి మందుకు మెలనోమా కోసమే 2011లో అమెరికాలో అనుమతి లభించింది. అయితే అరికాలి మెలనోమా ఈ మందులకు అంత సులభంగా లొంగదు. ఖరీదూ ఎక్కువే.

తెల్లవారికి ఈ జబ్బు ఎక్కువగా ఎండ తగిలే చోట వస్తుంది. మన చామనఛాయ మనల్ని ఎండ నుంచి కాపాడుతుంది గనుక మనకు అరుదు. వస్తే మాత్రం తరచు అరికాల్లోనో, గోటి క్రిందో వస్తుంది, అంటే ఎవరూ చూడని చోట! పెరిగే మచ్చ, అంచులు చెదిరిన మచ్చ, రంగు మారే మచ్చ, నెల దాటినా మానని పుండు కనబడితే పసరు పూయకండి, కోయకండి. డాక్టరుకు చూపించండి.

పెద్దమ్మను ముందు కరీంనగరు, తరువాత హైదరాబాదులో 1955లో వెలిసిన మెహదీ నవాజ్ జంగ్ కాన్సరు ఆసుపత్రికి తీసుకుపోయాము. మచ్చ తీసివేశారు. కాని బిళ్ళలో దొంగ అప్పటికే దూరి ఉన్నాడు. వైద్యం సాగుతున్నది.

పోయిన దసరాకు జమ్మి ఆకు ఆమె చేతిలో పెట్టి, ఆ పాదాలకే దండం పెట్టాను. అప్పటికే మచ్చ ఉన్నది. పాదం తాకానే గాని అడుగు చూడలేదు. ఈసారి మీ పెద్దలకు దండం పెట్టేటప్పుడు మీరు చూడండి.