సిల్లీనా... స్టుపిడ్డా?

‘హౌలే!’ పాతబస్తీలో చాయ్ తాగుతూ దోస్తును అలా అంటే నవ్వేస్తాడు. ముక్కూమొహం తెలియనివాడిని అంటే తగువే. తెలివితక్కువను చెప్పే మాట ఒక్కటే. అది ముద్దో తిట్టో చనువే తేలుస్తుంది.

ఇంగ్లిష్‌లో ఆ రెంటికీ వేర్వేరు మాటలున్నాయి. ‘సిల్లీ’లో నవ్వులాట ఉంటే ‘స్టుపిడ్’లో చిన్నచూపు ఉంటుంది. ‘సిల్లీ’కి పాత ఇంగ్లిష్‌లో ‘ధన్యుడు’ అని అర్థం. అది అమాయకుడిగా, పాపం అనిపించేవాడిగా మారుతూ ఇక్కడిదాకా వచ్చింది. ‘స్టుపిడ్’కి మూలం మొద్దుబారిపోవడమనే లాటిన్ మాట.

లెక్క తప్పిన పిల్లలు ‘సిల్లీ మిస్టేక్’ అనేది అందుకే... బుర్ర ఉంది, తొందరే కొంపముంచిందని! అదే పెద్దవాళ్లు ‘స్టుపిడ్’ అన్నారంటే తప్పు లెక్కది కాదు, బుర్రదైపోతుంది. లెక్కయితే రేపు దిద్దుకోవచ్చు. ఆ మాట మాత్రం మనసులో ఉండిపోతుంది. తప్పదనుకుంటే ‘సిల్లీ’ దగ్గరే ఆగిపోండి!