ముందు డ్రమ్ము వినండి

కచేరీలో మృదంగం తని ఆవర్తనం మొదలుకాగానే కాఫీకి లేచేవాళ్లు మనలో చాలామందే ఉన్నారు. పాట అంటే మనకు ముందు గొంతు, తర్వాత సాహిత్యం. వాయిద్యాలది వెనక వరస. నైజీరియాలో పుట్టిన ఆఫ్రోబీట్ సంగీతం దగ్గర ఈ అలవాటు పనికిరాదు. దానికి ఆద్యుడైన ఫేలా కుటీ పాడిన ‘జాంబీ’ పన్నెండు నిమిషాల పైచిలుకు పాట. అందులో ఆయన నోరు విప్పేది దాదాపు ఐదు నిమిషాలు గడిచాకే. నైజీరియా సైన్యాన్ని ఎద్దేవా చేసిన పాట అది. 1977 ఫిబ్రవరిలో సైనికులు లేగోస్‌లో ఫేలా ఇంటిమీద పడి తగలబెట్టారు. పాటలోని అంత కోపాన్ని జనం గంటల తరబడి ఆడుతూ విన్నారంటే, కింద నడిచిన లయే కారణం.

ఆ లయ ఫేలా డ్రమ్మర్ టోనీ అలెన్‌ది. మాక్స్ రోచ్, ఆర్ట్ బ్లేకీల రికార్డులు విని సొంతంగా డ్రమ్స్ నేర్చుకున్న లేగోస్ కుర్రాడు ఆయన. ఆ జాజ్ డ్రమ్మర్ల చేతి నేర్పును తీసుకొచ్చి పశ్చిమాఫ్రికా హైలైఫ్ నాట్యగతిలో కలిపారు. రెండు చేతులూ రెండు కాళ్లూ తలో దారిన పోతున్నట్టే ఉంటాయి, సరిగ్గా రావాల్సిన చోటికి వచ్చి కలుస్తాయి. ఆఫ్రోబీట్ పుట్టుకలోనే జాజ్ ఉంది. ఈ రెంటినీ వేర్వేరు అరల్లో సర్దడం దండగని నా అభిప్రాయం. ఇటీవలి ఆల్బమ్‌లు కొన్ని వింటే మీకూ అలాగే అనిపించవచ్చు.

మొదట ‘రిజాయిస్’. దక్షిణాఫ్రికా ట్రంపెట్ విద్వాంసుడు హ్యూ మసకేలా, అలెన్ కలిసి 2010లో లండన్‌లో రికార్డు చేశారు. పని సగంలో ఆగింది. 2018లో మసకేలా పోయాక, మిగిలింది అలెన్ పూర్తి చేశారు. 2020 మార్చిలో ఆల్బమ్ వచ్చింది, ఏప్రిల్ చివర్లో అలెన్ కూడా వెళ్లిపోయారు. హంగులు తక్కువ కాబట్టి డ్రమ్ము మీద ప్రతి దెబ్బా విడిగా వినపడుతుంది. కొత్తవాళ్లకు ఇంతకంటే మంచి పాఠం లేదు.

ఇందులో వాయించిన లండన్ యువకుల్లో ఎజ్రా కలెక్టివ్ కీబోర్డిస్టు జో ఆర్మన్-జోన్స్ ఒకరు. ఆ బృందం డ్రమ్మర్ ఫెమీ కోలియోసో అలెన్ దగ్గరే పాఠాలు నేర్చుకున్నారు. 2023లో బ్రిటన్‌లో మెర్క్యురీ ప్రైజ్ గెలిచిన తొలి జాజ్ బృందం వీళ్లదే. 2024లో వచ్చిన ‘డాన్స్, నో వన్స్ వాచింగ్’ కూర్చుని వినే జాజ్ కాదు. మధ్యలో వచ్చే చిన్న చిన్న ముక్కలు కొన్ని తీసేసినా నష్టం లేదు. ‘అజలా’ మాత్రం కాళ్లను ఊరకే ఉండనివ్వదు.

ఫేలా చిన్న కొడుకు షేవున్ తండ్రి బృందం ఈజిప్ట్ 80ని పద్నాలుగేళ్ల వయసు నుంచీ నడుపుతున్నారు. ‘హెవియర్ యెట్’ (2024)లో ఉన్నవి ఆరే పాటలు, అన్నీ రాజకీయమే. వారసత్వాన్ని అద్దాల బీరువాలో దాచకుండా వాడుకోవడం ఎలాగో ఇది వింటే తెలుస్తుంది. నా లెక్కలో ఈ జాబితాలో పెద్దపీట దీనికే.

కోకోరోకో బృందం ఆల్బమ్ ‘టఫ్ టైమ్స్ నెవర్ లాస్ట్’ (2025) ఇంకాస్త మెత్తన. షీలా మారిస్-గ్రే ట్రంపెట్ హాయిగా సాగుతుంది. సోల్ సంగీతం వైపు మొగ్గడంతో లయ పదును కొంత తగ్గింది. నాకది వెలితే, వర్షం కురిసే ఆదివారాలకు మాత్రం వంక పెట్టలేం. శాక్సఫోన్ పక్కనపెట్టి వేణువులు పట్టిన షబాకా ఆల్బమ్ ‘పర్సీవ్ ఇట్స్ బ్యూటీ, అక్నాలెడ్జ్ ఇట్స్ గ్రేస్’ (2024) వీటన్నిటికీ విరుగుడు. చాలాచోట్ల డ్రమ్సే ఉండవు. అన్నీ విన్నాక దీనికి రండి.

వెతికేటప్పుడు ఒక జాగ్రత్త. ‘ఆఫ్రోబీట్స్’ అని చివర ‘స్’ చేర్చారా, యాప్ మిమ్మల్ని బర్నా బాయ్, విజ్‌కిడ్‌ల పాప్ దగ్గరికి పంపుతుంది. అదీ మంచిదే, కానీ ఇది కాదు. ఫోన్ స్పీకర్‌లో మాత్రం వినకండి. బేస్ గిటారూ, కాలితో మోగించే పెద్ద డ్రమ్మూ అందులోంచి సరిగా రావు. ఆ రెండూ లేకుండా విని బాగోలేదంటే నేను ఒప్పుకోను.