వెనుక షాకబ్జార్బర్ల మార్పిడి
సిమెంటు లారీలు నలుగగొట్టిన జగ్గయ్యపేట, నందిగామ ప్రాంతపు బాటలలో నిత్యము తిరుగు కారునకు వెనుక షాకబ్జార్బర్లు త్వరగా చెడుట సహజము. బరువు మోయునది స్ప్రింగు. ఆ స్ప్రింగు ఊగిసలాటను, లోపలి నూనెను సన్నని రంధ్రములగుండ నెట్టుచు అణచునది షాకబ్జార్బరు. కావున దాని ఒంటిపై నూనె కారినను, గుంత దాటిన పిదప బండి పదేపదే ఊగినను, అది తన పని మానినదని ఎఱుగవలెను. స్ప్రింగును షాకబ్జార్బరును వేర్వేరుగా అమర్చిన చిన్నకార్లలో ఈ మార్పిడి, పనిముట్లు పట్టుట తెలిసినవారు ఇంటి ముంగిట చేసికొనదగినదే యని నా దృఢాభిప్రాయము. రెంటిని కలిపి బిగించిన బండ్లలో మాత్రము, అదిమిపట్టిన స్ప్రింగు ఎగసిన ప్రాణాంతకము గనుక, మెకానిక్కునకు విడుచుటయే ఉచితము. చదునైన నేలపై ముందు చక్రములకు అడ్డుపెట్టి, బండిని స్టాండ్లపై నిలిపి, ఇరుసు క్రింద జాకీ ఆన్చిన పిమ్మటనే షాకబ్జార్బరు బోల్టు విప్పవలెను. లేనిచో ఇరుసు దిగ్గున జారి బ్రేకు గొట్టములను లాగివేయును. రబ్బరు బుష్షులు మెలిపడకుండుటకై తుది బిగింపు, బండి బరువు చక్రములపై ఆనిన తరువాతనే జరుగవలెను. ఒక ప్రక్కది మాత్రమే మార్చి పైకము మిగుల్చుకొనుట మిక్కిలి తప్పు, జతగా మార్చుడు. అయ్యలారా, ఇటుకలు పేర్చి, జాకీ నొక్కదానినే నమ్మి, బండి క్రిందికి ఎన్నడును దూరకుడు.