అంగారకునిపై ఊరు

త్రిశంకువు కోసం విశ్వామిత్రుడు ఆకాశంలోనే వేరొక నక్షత్రలోకాన్ని సృష్టించాడట. నేడు శాస్త్రజ్ఞులు అంగారకునిపై జనావాసాలు నెలకొల్పే యోచనలో ఉన్నారు. అది ఎంతవరకు సాధ్యం?

ఇటువంటి ప్రశ్నలకు నేను మా దివిసీమను గీటురాయిగా చేసుకొంటాను. 1977 నవంబరు 19న ఉప్పెన ఆ సీమను ముంచెత్తింది. వేలాదిమంది మరణించారు, పచ్చని చేలు ఉప్పునీటి పాలయ్యాయి. అయినా ఊళ్ళు మళ్ళీ లేచాయి. ఎందుచేత? విజయవాడ నుండి, ఇతర జిల్లాల నుండి బియ్యం, బట్టలు తరలివచ్చాయి. కృష్ణ కాలువల నీరు ఉండనే ఉంది. పీల్చే గాలిని మాత్రం ఎవరూ మోసుకొని రానక్కరలేకపోయింది.

అంగారకునిపై ఆ గాలియే లేదు. అక్కడి వాయుమండలం మిక్కిలి పలుచన. అందులోనూ 95 శాతం బొగ్గుపులుసు వాయువే. దాని నుండి ప్రాణవాయువును తీయవచ్చునని పర్సెవరెన్స్ వాహనంలోని చిన్న యంత్రం నిరూపించింది. ఇది సామాన్య విజయం కాదు. కాని 2021–23 మధ్య అది తీసినది మొత్తం 122 గ్రాములు. ఒక మనిషికి ఒక్క దినానికే సుమారు 800 గ్రాములు కావాలి. నేలలోనూ పెర్‌క్లోరేట్లనే విషలవణాలున్నాయి. పోనీ, ఆపదవేళ సాయమందునా? నౌకలు బయలుదేరడానికి అనువైన సమయం ఇరవైయారు నెలలకొకసారి వస్తుంది. ప్రయాణం మరి ఆరేడు నెలలు.

చంద్రుని మాట వేరు. అది మూడు నాలుగు దినాల దారి. 2023 ఆగస్టు 23న చంద్రయాన్-3 దక్షిణధ్రువ సమీపాన దిగినప్పుడు విద్యార్థులతోపాటు నేనూ కరతాళధ్వనులు చేశాను. అక్కడ పరిశోధనాకేంద్రం నెలకొల్పడం ఉచితమే. భూమి చెడితే అంగారకునికి తరలిపోదామనే వాదాన్ని మాత్రం నేను అంగీకరించలేను. కృష్ణలో నీరు తగ్గిన ఏళ్ళలో దివిసీమ చేలలోకి నేటికీ ఉప్పు ఎక్కివస్తున్నది. ఆ చవుటినేలను బాగుచేసుకోవడం అంతకంటె ఎన్నో రెట్లు సులభం.