చెవి కింద గడ్డకు ఎన్నిసార్లు సికింద్రాబాద్ రావాలె?

సికింద్రాబాద్ స్టేషన్ పక్కనే రెజిమెంటల్ బజార్. మణుగూరు, కాగజ్‌నగర్, ఆదిలాబాద్ రైళ్లు దిగిన మనవాళ్లు పెద్దాసుపత్రిలో ఓపీ తెరిచేదాకా నడుం వాల్చేది ఈ చుట్టుపక్కలే. గాంధీ ఆసుపత్రి 2003 దాకా స్టేషన్ దగ్గర్లోనే ఉండేది, ఇప్పుడు ముషీరాబాద్ పోవాలె. క్యాన్సర్ అనుమానమైతే రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జే.

చెవి కింద, దవడ మూలన నొప్పి లేని గడ్డ లేస్తే ఊళ్లో అందరూ గవదబిళ్లలంటారు. పసరు కడతారు, ఆర్‌ఎంపీ సూదేస్తడు. గవదలైతే వారం పది రోజుల్లో తగ్గాలె. నెలల తరబడి ఉండి మెల్లగా పెరుగుతుంటే అది లాలాజల గ్రంథి కణితి కావచ్చు. ఇవి అరుదు. ఎక్కువగా చెవి ముందుండే పెరోటిడ్ గ్రంథిలో వస్తాయి, అక్కడ వచ్చేవాటిలో పదింట ఎనిమిది క్యాన్సర్ కావు. అట్లని వదిలేయొద్దు, మామూలు కణితి కూడా ఏళ్లు గడిస్తే క్యాన్సర్‌గా మారొచ్చు. గడ్డతో పాటు మూతి ఒక పక్కకు పోయినా, కన్ను మూతపడకపోయినా వెంటనే పెద్ద డాక్టరుకు చూపించాలె.

చీము గడ్డ అనుకొని ఎక్కడంటే అక్కడ కోయించుకుంటే కణాలు చెదిరి మళ్లీ మళ్లీ మొలుస్తాయి. ముఖాన్ని కదిలించే నరం ఆ గ్రంథి మధ్యలోంచే పోతుంది. చెయ్యి తిరిగిన సర్జనే ముట్టుకోవాల్సిన చోటు అది.

కోతకు ముందు సన్న సూదితో కణాలు తీసి, గాజు స్లైడు మీద పూసి చూస్తారు. ఈ కణితుల్లో 30కి పైగా రకాలున్నాయి, ఒకదాన్నొకటి పోలి ఉంటాయి. అనుభవమున్న పాథాలజిస్టు చూడాల్సిందే. అడినాయిడ్ సిస్టిక్ అనే రకమైతే నరాల వెంట పాకి, ఆపరేషన్ అయిన పదేళ్లకు ఊపిరితిత్తుల్లో తేలొచ్చు.

పాథాలజిస్టు నగరంలో ఉంటే ఉండనీ, స్లైడు ప్రయాణం చెయ్యగలదు కదా! సూదికి ఒకసారి, రిపోర్టుకు ఒకసారి, స్కానుకు ఒకసారి మనిషినే ఎందుకు తిప్పుతున్నరు? ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలు చేశారు, మంచిదే. పరీక్షలకు తిరిగే రోజుల్లో గది కిరాయి, పోయిన కూలి ఎవరిస్తరు? నొప్పి లేని గడ్డ కోసం మూడోసారి రైలెక్కడం కష్టం. తర్వాత ఆదివాసీలు ఆలస్యంగా వస్తారని మనల్నే అంటారు.

ఉట్నూరు, ఏటూరునాగారం, భద్రాచలం ఐటీడీఏల్లో ఈసారి ఇచ్చే వినతిపత్రాల్లో ఇది రాద్దాం: సూది పరీక్షకు వారంలో ఒక ఖాయమైన రోజు, స్లైడు నగరానికి పంపే బాధ్యత ఆసుపత్రిది, రిపోర్టు ఫోనుకు, ఆపరేషన్ తేదీ ఖాయమయ్యాకనే ప్రయాణం.