డి.జె. ఒక్క రాత్రి – పాటల గది ఏడాది పొడుగునా

పోయిన ఏడాది మన హాస్టల్ వార్షికోత్సవం రాత్రి అందరికీ గుర్తుండే ఉంటుంది. స్టేజీకి రెండు వైపులా మనిషి ఎత్తు బాక్సులు పెట్టారు. ఒక్క రాత్రికి అద్దె పన్నెండు వేలు. పాట మొదలైతే కిటికీ అద్దాలు అదిరాయి. మేమూ గంతులేశాం, కాదనడం లేదు. కానీ మధ్యలో ఒక సీనియర్ అన్న మైకు అందుకుని, తన తల్లి కూలికి పోయి తనను ఎట్లా చదివించిందో చెబుతుంటే మూడో వరుసలో కూర్చున్న మాకు ఒక్క మాటా తెలియలేదు. అంతా హోరు. తెల్లారేసరికి బాక్సులు ట్రాలీ ఆటోలో ఎక్కి వెళ్ళిపోయాయి. మనకు మిగిలింది చెవుల్లో గుయ్యిమనే మోత ఒక్కటే.

ఈసారి కూడా పూర్వ విద్యార్థులు చందాలు ఇస్తామంటున్నారు. ఈసారి కూడా డి.జె. మాట్లాడాలని కొందరు తమ్ముళ్ళు అంటున్నారు. ఆ డబ్బులో సగంతో ఏడాదంతా పాట వినగలిగే గది ఒకటి ఏర్పాటు చేసుకోవచ్చన్నది మా అభిప్రాయం. ఊరికే చెప్పడం లేదు. మా గదిలో చేసి చూశాకే చెబుతున్నాం.

మేము అంటే పీజీ చదువుతున్న నలుగురం, ఒకే గది వాళ్ళం. ఇరవై మూడేళ్ళ వాళ్ళం. మా నాలుగు ఇళ్ళలోనూ డిగ్రీ పట్టా తెచ్చింది మేమే మొదలు. హై-ఫై అనే మాట కాలేజీకి వచ్చాకే విన్నాం. అది బంగళాల్లో ఉండే వస్తువు, లక్షలు పోస్తే గాని రాదు అనుకున్నాం. నిజానికి ఆ మాటకు అర్థం చాలా చిన్నది. రికార్డు చేసిన శబ్దం ఎట్లా ఉందో అట్లాగే, కలపకుండా తీసెయ్యకుండా వినిపించడం. అంతే.

ముందు మా తప్పు చెప్పుకోవాలి. మొదటిసారి రూ.1,500 పెట్టి ఒక స్పీకర్ల సెట్టు కొన్నాం. అట్టపెట్టె మీద '2,000 వాట్స్ పి.ఎం.పి.ఓ.' అని పెద్ద అక్షరాలు. ఇంటికొచ్చి పెడితే ప్రతి పాటా డబ్బాలో గులకరాళ్ళు వేసి ఊపినట్టు ఉంది. తర్వాత తెలిసింది, పి.ఎం.పి.ఓ. అనేది కంపెనీలు తమకు నచ్చినట్టు వేసుకునే అంకె. నమ్మదగింది ఆర్.ఎం.ఎస్. అంకె. పైగా పాట రెట్టింపు గట్టిగా వినిపించాలంటే పవర్ దాదాపు పది రెట్లు కావాలి. కనుక వాట్ల వెంట పరుగెత్తితే జేబు ఖాళీ కావడమే. ఇరవై మంది కూర్చునే గదికి నిజమైన 20 వాట్లు చాలు.

రెండోసారి తెలివి తెచ్చుకున్నాం. ఒక సీనియర్ అన్న ఉద్యోగం వచ్చి వెళ్ళిపోతూ తన పాత ల్యాప్‌టాప్ మాకు వదిలేశాడు. బ్యాటరీ చచ్చిపోయింది, మూతకు రబ్బరు బ్యాండు. ఇక పనికిరాదన్నారు. కానీ పాట వినిపించడానికి కంప్యూటర్‌కు పెద్ద బలం అక్కర్లేదు. ఉచితంగా దొరికే లినక్స్ వేశాం. హాయిగా నడుస్తోంది.

దాని హెడ్‌ఫోన్ రంధ్రంలో నుంచి నేరుగా తీసుకుంటే మాత్రం గురగుర వినిపించేది. మౌస్ కదిపితే ఒక చప్పుడు, ఫైలు తెరిస్తే ఇంకో చప్పుడు. ల్యాప్‌టాప్ లోపలి విద్యుత్ గోలంతా పాటలోకి వస్తోందన్నమాట. సీడీ పాటలో ప్రతి సెకనుకు 44,100 అంకెలు ఉంటాయి, అదీ ఒక్కో చెవికి. ఆ అంకెలను విద్యుత్ తరంగంగా మార్చే పనిని ల్యాప్‌టాప్ బయటికి తేవాలి. అందుకు యు.ఎస్.బి.కి తగిలించే చిన్న సౌండ్ కార్డు ఉంటుంది. అది కొన్నాం. కోఠి గుజరాతీ గల్లీలో నాలుగు దుకాణాలు తిరిగి చిన్న క్లాస్-డి ఆంప్లిఫయరు, పాత స్పీకర్ల జత తెచ్చాం. మా లెక్క ఇది: సౌండ్ కార్డు రూ.900, ఆంప్లిఫయరు రూ.1,800, దాని అడాప్టరు రూ.400, స్పీకర్లు రూ.2,500, వైర్లు పిన్నులు రూ.250. మొత్తం రూ.5,850.

పాత స్పీకర్లు కొనే తమ్ముళ్ళకు ఒక మాట. కోను చుట్టూ ఉండే అంచును వేలితో మెల్లగా తాకి చూడండి. స్పాంజి అంచు అయితే ఏళ్ళు గడిచాక పొడి పొడిగా రాలిపోతుంది. రబ్బరు అంచు ఎక్కువ కాలం ఉంటుంది. రెండు స్పీకర్లనూ విడివిడిగా మోగించి చూపించమని అడగండి. దుకాణదారుడు విసుక్కున్నా పరవాలేదు, డబ్బు మనది. ఇక వేలు పోసి కొనే వైర్ల మాట నమ్మకండి. గదిలో రెండు మూడు మీటర్ల దూరానికి మామూలు రాగి వైరు సరిపోతుంది.

అంతా కలిపాక 'మ్...' అని ఒకటే మోత. చార్జరు పీకితే మోత పోతోంది, కానీ బ్యాటరీ లేదు గనుక ల్యాప్‌టాపే ఆగిపోతోంది. ల్యాప్‌టాప్‌కూ ఆంప్లిఫయరుకూ మధ్య ఎర్తు రెండు దారుల్లో కలవడం వల్ల వచ్చే మోత అది. ప్లగ్గు మూడో పిన్ను విరిచేస్తే పోతుందని ఒకరు సలహా ఇచ్చారు. దయచేసి ఎవరూ ఆ పని చెయ్యకండి. ఎర్తు పిన్ను ప్రాణం కాపాడే పిన్ను. గ్రౌండ్ లూప్ ఐసొలేటర్ అనే చిన్న డబ్బా రూ.200కు దొరికింది. పాట వైరు మధ్యలో పెట్టాం, మోత పోయింది. మొత్తం రూ.6,050 అయింది. డి.జె. అద్దెలో సగం.

ఇక డబ్బు ఖర్చు లేని పని, అన్నిటికంటే ముఖ్యమైన పని, ఎక్కడ పెట్టాలన్నది. రెండు స్పీకర్లూ, వినే మనిషీ కలిసి సమాన భుజాల త్రిభుజం కావాలి. స్పీకరు చెవి ఎత్తులో ఉండాలి. గోడ మూలకు నెడితే లావు శబ్దం ఉబ్బిపోతుంది, కాస్త ముందుకు జరపాలి. మా గది ఉత్త గోడలు, గచ్చు నేల. చప్పట్లు కొడితే తిరిగి మోగేది. కింద జంపఖానా పరిచి, ఎదురు గోడకు రెండు దుప్పట్లు వేలాడదీశాం. పాటలో మాట విడివిడిగా తేలింది.

పాట ఫైలు కూడా చూసుకోవాలి. సీడీలో సెకనుకు 1,411 కిలోబిట్లు ఉంటే, మనం ఫోన్లో పంచుకునే ఎం.పి.3 ఒక్కోసారి 128 మాత్రమే. తీసేసింది మళ్ళీ రాదు. 320 దొరికితే మనలో చాలామందికి తేడా తెలియదు.

ఇదంతా ఎందుకు అని అడిగేవాళ్ళకు ఒక సంగతి చెబుతాం. మాలో ఒకరి నాన్న డప్పు కొడతాడు. పోయిన బోనాలప్పుడు ఊళ్ళో ఆయన కొట్టింది ఫోన్లో రికార్డు చేసుకొచ్చాం. ఫోన్లో వింటే రేకు డబ్బా మీద కొట్టినట్టు ఉండేది. తోటి విద్యార్థులు నవ్వేవాళ్ళు, మేమూ నవ్వి ఊరుకునేవాళ్ళం. ఫోన్ స్పీకరు గోరంత ఉంటుంది, లావు శబ్దం దానికి పలకదు. తప్పు దానిదని మాకు అప్పుడు తెలియదు. ఆ రికార్డునే ఈ సెట్టులో పెట్టాం. సిర్ర దెబ్బ వేరుగా, చిటికెన పుల్ల దెబ్బ వేరుగా, తోలు లోపలి గుమ్మనే శబ్దం వేరుగా వినిపించాయి. తలుపు దగ్గరికి వాచ్‌మన్ తాత వచ్చి నిలబడ్డాడు. వయసులో ఉన్నప్పుడు ఆయనా డప్పు కొట్టినవాడే. కాసేపు విని, "ముసురు పట్టినట్టుంది బిడ్డా ఆ పొద్దు. డప్పు సరిగ్గ కాగలే" అన్నాడు. నిజంగానే ఆ రోజు వాన. మంట ఆరిపోతే సగం కాచిన డప్పుతోనే కొట్టాడు మా వాడి నాన్న. ఆ మాట మేము తాతకు చెప్పలేదు. శబ్దమే చెప్పింది.

మన నాన్నల చేతి పని ఎంత సున్నితమైందో మనకు తెలియకుండా పోవడానికి మనం వినే పరికరం కూడా ఒక కారణం. పెద్ద బాక్సుల్లో అది మోత అవుతుంది, చిన్న ఫోన్లో రేకు అవుతుంది. రెండింటిలోనూ మనిషి పోతాడు. మంచి శబ్దం డబ్బున్నవాళ్ళ సరదా అని మనమే అనుకుంటే, మన పాటను మనమే తక్కువ చేసుకున్నట్టు.

కొందరు మిత్రులు అంటారు: మెస్‌లో పప్పు నీళ్ళలా ఉంటే పాటల గది ఎందుకు? న్యాయమైన ప్రశ్న. మెస్ డబ్బు, పుస్తకాల డబ్బు ముట్టుకోమని మేము అనడం లేదు. పప్పు కోసం అందరం కలిసి అడగాల్సిందే. డి.జె.కి పోయే చందా గురించే మా మాట. ఇంకొందరు అంటారు: అందరికీ ఇయర్‌ఫోన్లు ఉన్నాయి కదా? ఉన్నాయి. అందుకే ఒక గదిలో నలుగురం నాలుగు లోకాల్లో ఉంటున్నాం. ఈ సెట్టు పెట్టాక రాత్రి భోజనాలయ్యాక పక్క గదుల వాళ్ళు వచ్చి కూర్చుంటున్నారు, తమ ఊరి పాట తెచ్చి పెడుతున్నారు.

ఇది మైదానంలో రెండొందల మందికి వినిపించదు. ఆ మాటా ఒప్పుకుంటాం. వార్షికోత్సవానికి మైకు సెట్టు కావాలి, అది తక్కువకే దొరుకుతుంది, మాటా తెలుస్తుంది. ఎట్లాగూ 2000 సంవత్సరపు శబ్ద కాలుష్య నియమాల ప్రకారం ప్రత్యేక అనుమతి ఉంటే తప్ప రాత్రి 10 దాటాక ఆరుబయట లౌడ్‌స్పీకరు పెట్టకూడదు.

చివరిగా సీనియర్ అన్నలకు ఒక విన్నపం. ఆఫీసు గదిలోని ట్రంకు పెట్టెలో పాత వార్షికోత్సవాల క్యాసెట్లు ఉన్నాయి. వార్డెన్ గారి అనుమతితో రెండు తీసి చూశాం. ఒకదానికి తెల్లగా బూజు పట్టింది. రెండోది మోగింది. అందులో ఎవరో అన్న వణుకుతూ మొదలుపెట్టి, చప్పట్లు పడ్డాక ధైర్యంగా పాడాడు. పేరు రాసి లేదు. ఆయన ఈ సంచిక చదువుతూ ఉండొచ్చు.

టేప్ రికార్డర్‌ను ల్యాప్‌టాప్‌కు కలిపి, ఉచితంగా దొరికే ఆడాసిటీలో వాటిని దాచుకోవచ్చు. సౌండ్ కార్డుకు లైన్-ఇన్ ఉంటే చాలు. గంట క్యాసెట్టుకు గంట పడుతుంది, సీడీ నాణ్యతలో సుమారు 635 ఎం.బి. ఆ పని మేము చేస్తాం. మీరు డి.జె.కి ఇచ్చేది అటు ఇవ్వండి. లేదా అటక మీద మూలుగుతున్న స్పీకర్లు, నడిచే టేప్ రికార్డరు, పాడైందనుకున్న ల్యాప్‌టాప్ పంపండి. స్టడీ అవర్స్ అయ్యాక రోజుకు ఒక గంట స్టోర్ రూమ్ పక్క ఖాళీ గది తెరిచి ఉంచమని వార్డెన్ గారిని అడుగుతున్నాం.

ఈ పరీక్షలయ్యాక మేమూ హాస్టల్ వదిలి వెళతాం. సెట్టు మాత్రం ఇక్కడే ఉంటుంది. వైర్లు ఎట్లా కలపాలో కాగితం మీద బొమ్మ వేసి ల్యాప్‌టాప్ మూత లోపల అంటించాం. వచ్చే తమ్ముడు ఎవరైనా తన నాన్న డప్పు, తన అమ్మ నాట్ల పాట తెచ్చి దాంట్లో పెట్టుకోవచ్చు.