గాలి నిలిపే గుమ్మటాలు

పుదుచ్చేరి పట్టణవాసులు 2011 డిసెంబరు 30 నాటి థానే తుఫానును మరువలేరు. పెనుగాలికి విద్యుత్తు నిలిచిపోయిన అట్టి తీరాన, గాలితోనే నిలిచే గుమ్మటాలు పనికివస్తాయా?

వీటి నిర్మాణంలో రెండు విధానాలున్నాయి. మొదటిదానిలో విద్యుత్ పంకాలు ఎడతెగక నింపే గాలియే పలుచని కప్పును మోస్తుంది. పంకాలు ఆగితే కప్పు కుంగుతుంది. రెండవదానిలో గాలి కేవలం అచ్చు. ఇటలీ వాస్తుశిల్పి డాంటే బీనీ 1964లో తడి కాంక్రీటును గాలిసంచితో పైకెత్తి గుమ్మటంగా మలిచాడు. అమెరికాలో రూపొందిన మరొక పద్ధతిలో, ఉబ్బిన పొర లోపల నురుగు, ఇనుపకడ్డీలు, కాంక్రీటు వరుసగా చేరుస్తారు. కాంక్రీటు గట్టిపడిన పిదప గాలితో పనిలేదు.

మొదటిది చవక, త్వరగా విప్పవచ్చు, క్రీడాంగణాలకు చాలును. తుఫాను ఆశ్రయానికి మాత్రం రెండవదే తగినదని మా భావన. ఆపత్సమయాన నీడనిచ్చే కప్పు విద్యుత్తుపై ఆధారపడరాదు కదా!